కీచురాళ్లు రెండు రోజులకే చస్తున్నాయి, బొద్దింకలంటే అత్తయ్య ఊరుకోరు. పకోడికి ఏం పెట్టాలి?

ఫ్రిస్కో_కోడలు

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి పదేళ్లు. కుక్కపిల్ల కావాలని రెండేళ్లు ఏడ్చాడు, వాళ్ల నాన్నకి కుక్కబొచ్చు పడదు. చివరికి మార్చిలో ఒక బియర్డెడ్ డ్రాగన్ పిల్లని తెచ్చుకున్నాం. గడ్డం తొండ అనుకోండి. మన ఊళ్లో కంచెల మీద కూర్చుని తలూపే తొండల కుటుంబమేనట, పుట్టిల్లు మాత్రం ఆస్ట్రేలియా. ఒంటి రంగు చూసి మావాడు దానికి పకోడి అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఐదు నెలలు, తోకతో కలిపి 11 అంగుళాలు.

అద్దాల పెట్టె, లైట్లు అన్నీ చదువుకునే పెట్టాం. ఎండ కాచుకునే రాయి మీద 105 ఫారెన్‌హీట్ ఉంటుంది, ఎండలోని అతినీలలోహిత కాంతి ఇచ్చే యూవీబీ ట్యూబ్ కూడా కొత్తదే. తంటా అంతా మేత దగ్గరే. ఈ వయసులో ఆకులకన్నా పురుగులే ఎక్కువ తినాలన్నారు కదా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పది పదిహేను నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని పెడుతున్నాను. రోజుకి పాతిక కీచురాళ్ల దాకా లాగిస్తాడు. ఇరవై, ముప్పై చొప్పున షాపులో కొంటే గిట్టుబాటు కాక, 250 ఉండే పెట్టె పోస్టులో తెప్పిస్తున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో ఒక పెట్టె పది రోజులు వచ్చేది. మధ్యలో పదో పదిహేనో చచ్చినా పట్టించుకోలేదు. గత మూడు వారాలుగా ఏమైందో తెలియదు, వచ్చిన రోజు గెంతుతూ ఉంటాయి, రెండో రోజు పొద్దున చూస్తే సగం వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి, సాయంత్రానికి దాదాపు అన్నీ పోతున్నాయి. మూడు పెట్టెలు ఇలాగే పోయాయి. మొదట గ్యారేజీ వేడి అనుకున్నాను (ఇక్కడ జూన్ అంటే మన రోహిణి కార్తె), లాండ్రీ గదిలోకి మార్చాను. అమ్మేవాళ్లనీ మార్చాను. మార్పు లేదు. గుడ్ల అట్టలు, క్యారట్ ముక్కలు, ఓట్స్, నీళ్ల జెల్లీ, అంతా పాత పద్ధతే. ఇక ఆ వాసన గురించి చెప్పను.

చచ్చేలోపు పెట్టేద్దామని బతికున్నవి గబగబా పకోడికి వేసేస్తున్నాను. నాలుగు రోజుల నుంచి వాడు కూడా తిండి తగ్గించాడు. హుషారుగానే ఉన్నాడు కానీ నాకు టెన్షన్‌గా ఉంది.

మా ఆయన డూబియా బొద్దింకలు కొందామంటారు. మా అత్తయ్య ఈ నెల మొదట్లో తెనాలి నుంచి వచ్చారు. ఆ మాట వినగానే "వీటిని ఇంట్లోంచి తోలడానికి ముప్పై ఏళ్లు చీపురు పట్టాను. మీరు డాలర్లు పోసి కొని, కూరముక్కలు పెట్టి పెంచుతారా?" అన్నారు. పకోడిని చూసి మొదటి రోజే "తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది, జాగ్రత్త" అని మా అబ్బాయికి చెప్పారు. వాడు నిజమే అనుకుని వారం రోజులు రంగు మారుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు.

ఇంకో రెండు సందేహాలు. పెరట్లో టమాటా మొక్కల మీద చూపుడువేలంత లావు పచ్చటి పురుగులు పడ్డాయి. షాపులో హార్న్‌వర్మ్ అని అమ్మేవి అచ్చం ఇలాగే ఉన్నాయి, వాటినే పెట్టొచ్చా? ఇక కాల్షియం పొడి అయిపోతే అత్తయ్య "తాంబూలంలో సున్నం ఎముకలకి బలమే కదా, చిటికెడు చల్లు" అన్నారు. చల్లలేదు, అడిగి చేద్దామని ఆగాను.

బొద్దింకల_బావ

మీ అత్తగారికి నా పాదాభివందనాలు చెప్పండి. మాదీ అదే కథ, కాకపోతే మా ఇంట్లో ఆ మాటలు అన్నది మా ఆవిడ.

ఎడిసన్‌లో మా బేస్‌మెంట్‌లో నాలుగేళ్లుగా డూబియా పెంచుతున్నాను. వంటింటి బొద్దింకకీ దీనికీ పేరులోనే చుట్టరికం. నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేదు. ఆడదానికి రెక్కలు పేరుకే ఉంటాయి. మగదానికి పూర్తి రెక్కలున్నా ఎగరదు, కిందపడుతూ కొట్టుకుంటుందంతే. అరవదు, వాసన దాదాపు ఉండదు. దక్షిణ అమెరికా వేడి ప్రాంతాలది కాబట్టి వేడి తగ్గేకొద్దీ పిల్లలు పెట్టడం తగ్గిపోతుంది. మామూలు ఇంట్లో తప్పించుకున్నా సంసారం పెట్టదు. అయినా ఫ్లోరిడాలో పెంచడానికి వీల్లేదు, కెనడాలోనూ అంతే. టెక్సాస్‌లో ఆ బాధ లేదు.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. పెంచుకుంటే వెంటనే చేతికి రావు. 25 ఆడవీ 7 మగవీ కొని మొదలుపెట్టాను. నెల దాటాక ఒక్కోటీ పాతిక దాకా పిల్లల్ని పెట్టింది, గుడ్లు కాదు, నేరుగా పిల్లలే. అవి పెద్దవై మళ్లీ పిల్లల్ని పెట్టడానికి ఐదారు నెలలు పట్టింది. నేను ఆత్రపడి మూడో నెలలోనే పెద్దవాటిని తీసి మా బల్లికి పెట్టేశాను, విత్తనాలు వండుకు తిన్నట్టు. మళ్లీ కొనాల్సి వచ్చింది.

రెండో తప్పు మేత. బలం వస్తుందని పిల్లి ఆహారం పొడి చేసి వేసేవాణ్ణి. బొద్దింక ఎక్కువైన మాంసకృత్తుల్ని బయటికి పంపదు, యూరిక్ ఆసిడ్‌గా ఒంట్లోనే దాచుకుంటుంది. దాన్ని తిన్న తొండకి ఆ బరువంతా కిడ్నీల మీద పడుతుంది. ఇప్పుడు గోధుమ తవుడు, ఓట్స్, చిలగడదుంప, క్యారట్, నారింజ ముక్క, అంతే. పెట్టె శుభ్రం చేసేటప్పుడు మాస్కు పెట్టుకోండి. ఆ పెంట పొడి ఏళ్ల తరబడి పీలిస్తే అలర్జీ వస్తుంది, నాకు వచ్చింది.

కీచురాళ్లు ఎందుకు చస్తున్నాయో నాకు తెలియలేదు. నీళ్ల జెల్లీ తడి కింద అట్టలకి తగిలి అమ్మోనియా పట్టిందేమో చూడండి.

పశువుల_డాక్టరమ్మ

తిరుపతిలో చదివాను, ఇక్కడ బల్లులూ పాములూ చూసే క్లినిక్‌లో ఉన్నాను. తెర మీద రాసేది వైద్యం కాదు, ముందుగా ఆ సంగతి.

మిగతావన్నీ తర్వాత, ఒక ప్రశ్న. ఈ మూడు వారాల్లో ఇంట్లో పురుగుల మందు ఏదైనా వాడారా? నెలనెలా వచ్చి గోడల వారన కొట్టేవాళ్లు, చీమల స్ప్రే, దోమల మందు, ఏదైనా సరే. కీచురాళ్లకి వచ్చే వైరస్ ఒకటుంది. 2010 ప్రాంతంలో అమెరికాలో పెద్ద ఫారాలే దాని దెబ్బకి మూతపడ్డాయి. కానీ మీరు అమ్మేవాళ్లని మార్చినా అదే జరిగింది. వేడి అయితే గది మార్చాక తగ్గాలి. అమ్మోనియా అయితే రెండో రోజుకే ఇన్ని పోవు. వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకోవడం అన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం. నరాల మీద పనిచేసే మందు తగిలిన పురుగు అలాగే పోతుంది. కారణం తేలేదాకా ఆ పెట్టెలోవి ఒక్కటి కూడా పకోడికి పెట్టకండి.

టమాటా మీది పురుగులు వద్దు. షాపులో అమ్మేవీ అవే జాతి కావచ్చు, కానీ వాటిని పుట్టినప్పటి నుంచీ తయారు చేసిన మేత మీద పెంచుతారు. పెరట్లోది టమాటా ఆకు విషాన్ని ఒంట్లో పెట్టుకుని ఉంటుంది. చూడ్డానికి ఒకటే, కడుపులో ఉన్నది వేరు. షాపువి అయినా ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, నీళ్లు తక్కువ తాగే తొండకి అప్పుడప్పుడూ పెట్టడానికి బాగుంటాయి, రోజువారీ తిండి కాదు.

సున్నం అసలే వద్దు. తాంబూలం సున్నం నోరు పొక్కిస్తుంది కదా, మీరే ఆకు ఎక్కువ వేసి జాగ్రత్తగా నములుతారు. వాడికి ఆ తెలివి లేదు. కావలసింది కాల్షియం కార్బొనేట్ పొడి, బల్లుల కోసం అమ్మేది. ఎందుకంత పట్టుబడతామంటే, తినే తిండి మొత్తంలో ఫాస్ఫరస్‌కి రెట్టింపు కాల్షియం ఉండాలని చూస్తాం. కీచురాయిలో తలకిందులుగా ఫాస్ఫరసే కాల్షియంకి ఏడు రెట్లు. మీల్‌వర్మ్ అనే పిండిపురుగులో పదిహేను రెట్ల దాకా పోతుంది. ఆ లోటుని తొండ తన ఎముకల్లోంచి తీసి పూడ్చుకుంటుంది. దవడ మెత్తబడటం, కాలివేళ్లు వణకడం, కాళ్లు వంకర పోవడం అన్నీ అక్కడి నుంచే. నా దగ్గరికి వచ్చే పిల్ల తొండల్లో బాధ కలిగించే కేసులు ఇవే, ఎందుకంటే యజమాని కడుపునిండా పెట్టానంటాడు, అబద్ధం కాదు.

అందుకని పురుగు కడుపూ నింపాలి, ఒళ్లూ నింపాలి. పెట్టడానికి ముందు ఒకటి రెండు రోజులు పురుగుకి మంచి మేత వేయండి: ఆవాకు, కొలార్డ్ ఆకు, చిలగడదుంప, మునగాకు. పాలకూర వద్దు, అందులో ఉన్న కాల్షియంని అదే పట్టుకుని కూర్చుంటుంది. తర్వాత పెట్టే ముందు కాల్షియం పొడి, పూరీ ఒత్తేటప్పుడు పొడిపిండి చల్లుకున్నంత. వెంటనే పెట్టేయండి, కీచురాయి తన ఒళ్లు తానే నాకి దులిపేసుకుంటుంది. పకోడి రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్ద పురుగు వద్దు. మిగిలినవి రాత్రి పెట్టెలో వదలొద్దు, నిద్రపోతున్న తొండ కాళ్లని కీచురాళ్లు కొరుకుతాయి.

మరొకటి, మీరు అడగకపోయినా. ఇప్పుడు టెక్సాస్‌లో మిణుగురులు తిరిగే కాలం. పిల్లలు సరదాగా పట్టి పెట్టెలో వేస్తారు. ఒక్క మిణుగురు పురుగు చాలు, పెద్ద బియర్డెడ్ డ్రాగన్ కూడా గంటల్లో పోతుంది. మీ అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పండి.

ఫ్రిస్కో_కోడలు

డాక్టరమ్మగారూ, మీ ప్రశ్న చదివి, మందులేమీ వాడట్లేదని రాయబోయాను. ఎందుకైనా మంచిదని అత్తయ్యని అడిగాను.

"మందెందుకు కొడతానమ్మా, గీత గీశానంతే" అన్నారు.

తెనాలి నుంచి వచ్చేటప్పుడు పచ్చళ్లతోపాటు బొద్దింకల చాక్‌పీసులు అరడజను తెచ్చుకున్నారట. వంటింట్లో సింకు కింద గీశారు. కీచురాళ్ల పెట్టె గ్యారేజీలో ఉన్నప్పుడు దాని చుట్టూ గీశారు. నేను లాండ్రీ గదిలోకి మార్చాక అక్కడా గీశారు, "ఆ పురుగులు బయటికి వచ్చి బియ్యంలో పడకుండా". చూస్తే పెట్టె మూతకి గాలి కోసం ఉన్న జాలీ అంచున కూడా తెల్లటి గీత. ఆ పొడి లోపలికి రాలకుండా ఎలా ఉంటుంది! మూడు వారాలు రోజూ ఆ మూత తీస్తున్నాను, దుమ్ము అనుకున్నాను.

ఆవిడని ఏమీ అనలేదు. అనాలనిపించింది. పకోడి వల్ల కాదు, మావాడు అదే చేత్తో మూత తీసి వచ్చి అన్నం తింటాడు కదా, అందుకు. కానీ ఆవిడ మొహం చూస్తే నోరు రాలేదు. "నేనే చంపానా వాటిని" అని రెండుసార్లు అడిగారు. పురుగు చచ్చిందని బాధపడే మనిషి, పురుగులు చావడానికే మందు తెచ్చుకున్నారు. ఏం చెప్పను.

పెట్టె, అట్టలు అన్నీ పారేశాను. గదులు తుడిచాను. చాక్‌పీసులు సంచిలో కట్టి, పైన రాసి ఉన్న మందు పేరు ఫోన్‌లో ఫోటో తీసుకుని రేపు పొద్దున పకోడిని డాక్టరుకి చూపిస్తున్నాం. అంతదాకా ఆకులే. ఆ తర్వాత ఏం పెట్టాలన్నది మళ్లీ మొదటికి వచ్చింది. కీచురాయి పేరెత్తితే నాకే వణుకు, బొద్దింక పేరెత్తితే అత్తయ్యకి.

గెక్కో_కూకట్‌పల్లి

అక్కా, ఇక్కడ హైదరాబాద్‌లో మాకు మీకున్నన్ని రకాలు దొరకవు. చేపల షాపుల్లో అరోవానాకి అమ్మే మీల్‌వర్మ్, సూపర్‌వర్మ్, అంతే. నా దగ్గర లెపర్డ్ గెక్కో అనే మచ్చల బల్లి ఉంది, దానికి అవే. మీల్‌వర్మ్‌ని తవుడులో వేసి ఫ్రిజ్‌లో పెడితే నిద్రపోయినట్టు పడుంటాయి, వారానికి ఒకసారి బయటికి తీసి మేత వేసి మళ్లీ పెట్టాలి. సూపర్‌వర్మ్‌ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చస్తాయి. తెలియక పెట్టి 300 రూపాయలవి పోగొట్టుకున్నా. మా అమ్మ ఆ డబ్బా చూసి నువ్వులనుకుని తీసింది, ఆ రోజు జరిగింది ఇక్కడ రాయలేను. మూత మీద పెద్దగా రాసి పెట్టుకోండి.

చాకీ_పురుగు

చెల్లెమ్మా, మీ అత్తగారు ఒప్పుకునే పురుగు ఒకటుంది. పట్టుపురుగు.

మాది హిందూపురం పక్క పల్లె. నేను పుట్టేనాటికే ఇంట్లో పట్టు పెంపకం. మనుషులకి ఒక గది, పురుగులకి రెండు గదులు. ఇప్పుడు ఒహాయోలో కొలంబస్‌లో ఉంటున్నాను, నా కూతురికి మీ పకోడి లాంటిదే ఒకటుంది. మొదటిసారి డబ్బాలో పాతిక పట్టుపురుగులు కొని తెచ్చి, తొండ ముందు ఒకటి పెట్టాను. నాలుక చాచి లాగేసింది. నా ప్రాణం ఉసూరుమంది. ఐదారొందల గూళ్లయితే కిలో. ఒక్కో పురుగునీ ఒక గూడుగా లెక్కపెట్టి పెరిగినవాణ్ణి. అలవాటు పడటానికి నెల పట్టింది.

ఇది గెంతదు, కరవదు, పారిపోదు, అరవదు, వాసన రాదు. వేల ఏళ్లు మనిషి చేతిలో పెరిగి ఎటూ పోలేని జీవి అయిపోయింది. మెత్తటి ఒళ్లు కాబట్టి తొండకి సులువుగా అరుగుతుంది, కొవ్వు తక్కువ. కాల్షియం బోలెడు ఉందని అమ్మేవాళ్లు రాస్తారు, నమ్మొద్దు, డాక్టరమ్మ చెప్పిన పొడి దీనికీ చల్లాల్సిందే. పొడి అంటే గుర్తొచ్చింది. మేం పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు పడక మీద సున్నం పొడి చల్లేవాళ్లం. అది తడి పీల్చడానికి, పురుగుకి తినిపించడానికి కాదు. మీ అత్తగారికి ఆ సంగతి చెప్పండి, సున్నం ఆలోచన పూర్తిగా దారి తప్పినదేం కాదని సంతోషిస్తారు.

జ్వరం అంటే రోగం కాదు. పురుగు చర్మం వదిలే ముందు ఒక రోజు తల ఎత్తి కదలకుండా ఉండిపోతుంది. మా వైపు దాన్నే జ్వరం అంటారు. పుట్టిన దగ్గర్నుంచి గూడు కట్టేదాకా పాతిక రోజుల పైన, అందులో నాలుగు జ్వరాలు. అప్పుడు మేత వేయకూడదు, ముట్టుకోకూడదు. కొత్తగా పెంచేవాళ్లు చచ్చిందనుకుని పారేసేది ఆ రోజే. నేను ఈ దేశంలో చూసిన పొరపాట్లలో సగం అదే.

మిగతా సగం తడి. డబ్బా గోడల మీద చెమట పడితే మూత తీసేయండి, కింద పేపర్ టవల్ మార్చండి. 80 ఫారెన్‌హీట్ అటూఇటూ చాలు. చేతులు కడుక్కోకుండా ముట్టొద్దు. మా అవ్వ గడప దగ్గర కాళ్లు చేతులు కడగనిదే ఎవర్నీ పురుగుల గదిలోకి రానిచ్చేది కాదు. మా చిన్నాయన బీడీ తాగి వస్తే గుమ్మంలోనే నిలబెట్టేది, పొగాకు గాలి సోకినా పురుగు తట్టుకోలేదు. చాక్‌పీసు గీసిన ఇల్లంటే ఆవిడ ఊరే మారిపోయేది. మీరు ఆ గదులు తుడిచారు సరే, నా మాట విని పట్టుపురుగుల్ని వాటిల్లో పెట్టొద్దు, మేడ మీద ఎక్కడైనా పెట్టండి. ఒకటి రెండు వంటి రంగు మారి, ఉబ్బి, పాలలాంటి రసం కారిస్తే పాలరోగం, ఆ డబ్బా మొత్తం తీసేయండి. మంచివి ఏరుకుందామని చూడొద్దు.

మేత రెండు రకాలు. మల్బరీ ఆకు పొడితో చేసిన ముద్ద అమ్ముతారు, నీళ్లు కలిపి మైక్రోవేవ్‌లో ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుని ముక్కలు తురిమి వేయాలి. లేదా ఆకే. మీ టెక్సాస్‌లో మల్బరీ చెట్లకి కొదవ లేదు, ఎవరి పెరటిదైనా మందు కొట్టలేదని అడిగి తెలుసుకుని కోసుకోండి. రోడ్డు పక్కది వద్దు. లేత పురుగుకి లేత ఆకు, ముదురు పురుగుకి ముదురు ఆకు. ఆకు మీద నీళ్లు ఆరాకే వేయాలి. అదే ఆకు కడిగి తరిగి పకోడికి కూడా పెట్టొచ్చు, తింటాడు.

ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ముద్ద తినే పురుగుని ఆకుకి మార్చవచ్చు, ఆకు రుచి తెలిసినదాన్ని తిరిగి ముద్దకి మార్చలేరు. మొదటి ఏడాది అక్టోబరులో ఇక్కడ ఒక్క రాత్రి మంచు పడి చెట్టు ఆకంతా నల్లబడింది. 200 పురుగులు ముద్ద మీద కూర్చుని, మూతి పెట్టకుండా ఎండిపోయాయి. పట్టు ఇంట్లో పుట్టినవాణ్ణి, సిగ్గేసింది. ఇప్పుడు వేసవిలోనే ఆకు కోసి ఫ్రీజర్‌లో దాచుకుంటాను.

ఇక దీన్నే రోజూ పాతిక పెడతానంటే మీ ఆయన జీతం చాలదు. చివరి జ్వరం లేచాక ఒక్కో పురుగు తినే ఆకు చూస్తే మీకే భయం వేస్తుంది. మొత్తం జీవితంలో తినేదానిలో ముప్పాతిక పైన ఆ వారంలోనే తింటుంది. రాత్రి మా నాయన చీకట్లో మంచం మీద పడుకునే, గదిలోంచి వచ్చే చప్పుడుని బట్టి ఆకు అయిపోయిందో లేదో చెప్పేవాడు. కాబట్టి మూడో జ్వరం దాటినవి, నాలుగో జ్వరానికి ముందే పెట్టేయండి, పకోడి నోటికీ సరిపోతాయి. మిగతా రోజులకి సోల్జర్ ఫ్లై లార్వా, అంటే ఒక రకం ఈగ పిల్లపురుగులు, చూడండి. చిన్న డబ్బాలో వస్తాయి, మేత వేయాల్సిన పని లేదు, వాటిలో కాల్షియం సహజంగానే ఎక్కువ. తోలు కొంచెం గట్టి, కొన్ని అరక్కుండా అలాగే బయటికి వచ్చినా కంగారు పడొద్దు.

బొద్దింకల_బావ

అన్నా, నాలుగేళ్లుగా బొద్దింకల గురించి రాస్తున్నా, ఒక్కరూ ఇంత శ్రద్ధగా వినలేదు. మీ అవ్వ కథ ఉంటే పురుగుల్ని ఎవరైనా కొంటారు.

ఫ్రిస్కో_కోడలు

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

పకోడి బాగున్నాడు. డాక్టరు ఒళ్లంతా చూసి, రెండు రోజులు గమనించమని పంపారు. వణుకు, నోటి నురగ లాంటివేవీ రాలేదు. మలపరీక్షలో పిన్‌వార్మ్ గుడ్లు కాసిని కనిపించాయి, దానికి మందు ఇచ్చారు. తిండి మళ్లీ దారిలో పడింది. సోల్జర్ ఫ్లై లార్వా, వారానికి మూడు రోజులు పట్టుపురుగులు, మధ్యలో మా ఆయన నాకు చెప్పకుండా తెచ్చిన డూబియా 50. అవి గ్యారేజీలో టూల్స్ వెనక ఉన్నాయి. అత్తయ్యకి తెలుసు. తెలియనట్టు ఉంటున్నారు.

చాకీ అన్నయ్యా, మీరు రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. కాళ్లు కడుక్కోవడం దగ్గర "ఆ, మడి కట్టాలన్నమాట" అన్నారు. ఆ రోజు నుంచి పురుగుల డబ్బా ఆవిడదే. మా వీధి చివర పంజాబీ వాళ్లింట్లో మల్బరీ చెట్టుంది. ఆవిడకి హిందీ రాదు, వాళ్ల ముసలావిడకి తెలుగు రాదు. మందు కొట్టారా అని సైగలతో ఎలా అడిగారో తెలియదు కానీ రోజూ పొద్దున ఒక సంచి ఆకు వస్తోంది. తడి గుడ్డతో ఒక్కో ఆకూ తుడిచి ఆరబెడతారు. జ్వరం రోజు మావాణ్ణి కూడా ఆ గదిలో గట్టిగా మాట్లాడనివ్వరు. పకోడికి పెట్టే పని మాత్రం నాది. నేను డబ్బా తీసుకుని వెళ్తుంటే ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోతారు.

ఇప్పుడు కొత్త సమస్య. ఏ వారానికి ఆ వారం "ఇవి ఇంకా చిన్నవి" అంటూ కొన్నిటిని పక్కన దాచారట. మొన్న చూస్తే బూట్ల అట్టపెట్టెలో 14 గూళ్లు, మూడు పసుపు, మిగతావి తెలుపు. నిన్న వాటిలోంచి రెండు పట్టుచిలకలు, రెక్కల పురుగులు, బయటికి వచ్చాయి, ఒకటి కాగితం మీద గుడ్లు పెట్టింది. అత్తయ్యకి అక్టోబరులో తిరుగు ప్రయాణం. వచ్చే వేసవికి మళ్లీ వస్తారు. అప్పటిదాకా ఈ గుడ్లు ఆగుతాయా?

చాకీ_పురుగు

ఆగొచ్చు. ఇప్పుడు పసుపుగా ఉంటాయి. నాలుగైదు రోజుల్లో బూడిదరంగుకి తిరిగితే అవి నిద్రగుడ్లు, అంటే వెంటనే పిల్లలు కాకుండా ఆగేవి. రంగు తిరిగాక ఒక నెల గదిలోనే ఉంచి, తర్వాత కాగితంతో సహా చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. రంగు తిరక్కుండా పసుపుగానే ఉండిపోతే మాత్రం పది పన్నెండు రోజుల్లో పిల్లలు వచ్చేయొచ్చు, లేత ఆకు వెతుక్కోండి.

మార్చి చివర మీ పంజాబీవాళ్ల చెట్టు చిగురేసిందో లేదో చూసి, ఆ తర్వాతే డబ్బా బయటికి తీయండి. మూత మీద తేదీ, లోపల ఏముందో రాయండి. ఆ కూకట్‌పల్లి తమ్ముడి వాళ్లమ్మ సంగతి విన్నారుగా.